అత్తగారి మాత్ర

తొట్టిలో పిల్లకి నీళ్లు పోస్తుంటే చేతుల్లో మళ్లీ వణుకు మొదలైంది. సబ్బు నురగలో మూడు నెలల పిల్ల చేపలా జారుతోంది. ఆమె ఊపిరి బిగబట్టి, పిల్ల చంక కింద వేళ్లు గట్టిగా బిగించింది. మరీ బిగించిందేమో, పిల్ల కెవ్వుమంది.

"నీళ్లు పొయ్యడానికీ కంగారేనా తల్లీ! నేను ముగ్గుర్ని పెంచలేదూ?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆమె నవ్వేసింది. ఈమధ్య అన్నిటికీ ఆ నవ్వే అడ్డం పెడుతోంది. నిద్ర పట్టకపోతే పిల్ల పడుకోనివ్వలేదనడం, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటలు పోస్తే ఉక్కపోతనడం, "తిండి దంచేస్తూ కూడా పుల్లలా అయ్యావే, అదృష్టవంతురాలివి!" అని ఆడపడుచు కుళ్లుకుంటే తలూపడం. నిజం ఒక్కసారే నోరు జారింది. "గుండె దడదడలాడుతోందత్తయ్యా, ఊరికే భయమేస్తోంది" అంది. ఆ సాయంత్రమే అత్తగారు గొంతు తగ్గించి కూతురితో ఫోనులో అంటున్న మాట వంటింట్లోకి వినబడింది. "దీని వాలకమేం బాగాలేదే. మతి నిలకడ లేని మనిషి చేతిలో పసిగుడ్డునెలా వదలను? కొన్నాళ్లు నీ దగ్గరుంచుకోరాదూ?" పై ప్రాణాలు పైనే పోయాయి ఆమెకి. నిజంగానే మతి పోతోందా? పోతున్నవాళ్లకి పోతున్నట్టు తెలుస్తుందా? అడుగుదామంటే అడగడమే సాక్ష్యమైపోతుంది. పిల్లని పట్టుకుపోతారు.

టీకాకి వెళ్లినప్పుడు నర్సు ఆమె మెడ కాస్త ఉబ్బి ఉండటం చూసి రక్తపరీక్ష చేయించమంది. ఫలితం భర్త ఫోనుకి వచ్చింది. థైరాయిడ్ అన్న మాట కనబడగానే ఫోను జేబులో పడేశాడతను.

"ఓస్, ఇంతేనా! అమ్మకున్నదేగా. మందు ఇంట్లోనే ఉంది."

"డాక్టరు ఒకసారి చూస్తే..."

"అమ్మా, విన్నావా? తొమ్మిదో తరగతి డాక్టరమ్మగారు సెలవిస్తున్నారు!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పుట్టింట్లో తల్లి మంచాన పడితే ఇంటి పనికని తొమ్మిదిలోనే బడి మాన్పించారు. అప్పట్నుంచీ ఏం మాట్లాడబోయినా ఆ తొమ్మిది వచ్చి గొంతుకి అడ్డం పడుతుంది.

మర్నాటి నుంచి అత్తగారు పరగడుపునే తన మాత్రల్లోంచి ఒకటి తీసి, నీళ్లగ్లాసుతో సహా తెచ్చి ఇచ్చేది. "వేసుకో తల్లీ. ఇది పడ్డాకే నాకు లేచి తిరిగే ఓపికొచ్చింది." ఆ గొంతులో ప్రేమ ఉంది. అందుకే కాదనలేకపోయింది. కానీ మాత్ర పడేకొద్దీ గుండె పరుగు ఎక్కువైంది. మెట్లెక్కితే తొడల్లో సత్తువ ఉండటం లేదు. ఇదీ మతి పోవడంలో భాగమే కాబోలనుకుని, పిల్లని పొట్టకి అదుముకుని గోడవారగా నడిచేది.

ఒకరోజు మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని, పిల్లని భుజాన వేసుకుని దిగుతుంటే మోకాళ్లు ఒక్కసారి సడలిపోయాయి. ఆమె కూలబడింది. బట్టలు కిందిదాకా దొర్లిపోయాయి. పిల్ల తలకీ గోడకీ మధ్య తన అరచెయ్యి ఉంది. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. చర్మం గీరుకుపోయి నెత్తురు చిమ్మింది. అది పిల్ల తలే అయ్యుంటే?

బట్టలు అక్కడే వదిలేసి, పిల్లతో నేరుగా ఆస్పత్రికి వెళ్లింది.

డాక్టరమ్మ ఆమెని చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్లకాగితం పెట్టింది. కాగితం గాలికి ఊగినట్టు ఊగింది. మెడ తడిమి, నాడి చూసి, పాత రక్తపరీక్ష ఫలితం తెప్పించి చూసింది.

"ఏమైనా మందులు వాడుతున్నావా?"

"మా అత్తగారి థైరాయిడ్ మాత్ర."

డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది. "ఆవిడ థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేస్తోంది, అందుకని ఆ మాత్ర. నీది అసలే పరుగులు తీస్తోందమ్మా. దాన్ని ఇంకా తోలుతున్నారు మీరు. ఈరోజు నుంచే మానెయ్యి."

"నాకు మతి పోవట్లేదా?"

"లేదు. ఈ దడా, వణుకూ, భయమూ అన్నీ దీనివే. కాన్పయ్యాక కొందరికి వస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి తర్వాత మందగిస్తుంది. ఇది ఏ రకమో ఇంకో పరీక్ష చేస్తే తెలుస్తుంది. దడ తగ్గడానికి మాత్ర రాస్తున్నాను, పాలు ఇవ్వొచ్చు. ఈలోగా పిల్లని ఎత్తుకుని మెట్లెక్కకు."

ఇంటికొచ్చేసరికి భర్త గుమ్మంలో ఉన్నాడు. వెనకాల అత్తగారు.

"ఎవర్నడిగి వెళ్లావు?"

చెబితే పిల్లని తీసుకుపోతారేమో. చెప్పకపోతే? ఆమె చెప్పింది. వణుకు గురించి, మెట్ల గురించి, మాత్ర గురించి. ఒక్కసారి కూడా నవ్వలేదు.

"పిల్ల ఎక్కడికీ వెళ్లదు. నాకు తగ్గేదాకా దాన్ని మోసే పని మీది."

అని పిల్లని అతని చేతుల్లో పెట్టింది. పుట్టినప్పట్నుంచీ ఒళ్లో పడుకోబెట్టుకుని ఫోటోలు దిగడమే తప్ప, నిలబడి ఎత్తుకోలేదతను. భుజాలు బిగుసుకుపోయాయి. పిల్ల మెలితిరిగింది. అడుగు కదపలేక నిలబడిపోయాడు.

"ఏయ్... భయమేస్తోందే."

"వేస్తుంది" అందామె. "కూర్చుని పట్టుకోండి."