చెలిమె మీద పరుపు

చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజు పనులకు అంతుండదు. ఖానాపూర్‌లో రామకిషన్‌రావుగారు కాలం చేసిన ఆ మాఘమాసంలో, 1987లో, ఆయన కోడలు ప్రమోదిని పెరట్లో నిలబడి ఆయన పరుపునూ దిండ్లనూ మందు సీసాలనూ బండికెత్తించింది. పరుపు చిరిగిన చోట తన నీలం చీర ముక్కతో ఆమే మాసిక వేసింది, ఆయన బతికుండగా.

"ఇవి జర ఊరు దాటిచ్చి రా, హనుమండ్లూ," అంది జీతగాడితో.

ఎక్కడ వేయాలని అతడు అడగలేదు, ఆమె చెప్పలేదు. మనమైనా ఏనాడైనా చెప్పామా?

ప్రమోదిని బడిలో పంతులమ్మ. ఎండలు ముదిరేసరికి అడవి అంచు గూడెం పిల్లలు ఒక్కరొక్కరే బడి మానేశారు. సంగతేమిటని అడిగితే, ఆ గూడెంలో కూలి చేసుకునే ఆనందమ్మ చెప్పింది.

"పోరగాండ్లు నీళ్లకు దూరం పోతుండ్రు పంతులమ్మా. అడివిల మేం తాగే నీళ్ల చెలిమెను చెత్తేసి పూడ్చిండ్రు. వాగుల సుత నీళ్లు లెవ్వు."

ప్రమోదినికి ఒళ్లు మండింది. "గంత పాపం ఎవలు చేసిండ్రు?" అని ఇంటింటికీ తిరిగి అడిగింది. వర్తకులను, పిల్లల తల్లిదండ్రులను, మిషన్ చర్చి పెద్దలను బతిమాలింది. ఆదివారం ఆరాధన ముగిశాక ముప్పై నలభై మంది పారలు, గంపలు పట్టుకుని బయలుదేరారు. ఆమె భర్త శ్రీధర్‌రావు కూడా గొణుక్కుంటూనే వెంట వచ్చాడు. ఆనందమ్మ దారి చూపింది, హనుమండ్లు బండి తోలాడు.

ఆ ఊరికి కోడలై వచ్చి ఇన్నేళ్లయినా ఆమె అడవిలో అడుగు పెట్టలేదు. ఆకు రాల్చిన టేకు చెట్లు, తల వెనక్కి వాల్చి చూసినా కొసలు అందనంత ఎత్తున నిలబడి ఉన్నాయి. వాటి నడుమ మోదుగలు ఎర్రగా విరగబూశాయి. ఇంత గొప్పదాని ముందు గట్టిగా మాట్లాడడానికి ఆమెకు సిగ్గేసింది. ఎవరూ చెప్పకుండానే అందరి గొంతులూ తగ్గాయి.

అంతటి అడవి మధ్యలో చెత్తగుట్ట! సీసా పెంకులు, హోటల్ బూడిద, ప్లాస్టిక్ సంచులు గంపలకెత్తి బండి నింపారు. అడుగున బురదలో నానిన పరుపు తేలింది. అందరూ వెనక్కి జరిగారు. చావు పరుపు ముట్టడానికి ఎవరికి చేతులొస్తాయి? దాని మీద తన చీర నీలం మాసిక చూసి ప్రమోదిని హనుమండ్లు వైపు తిరిగింది.

హనుమండ్లు తల దించుకున్నాడు. "ఊరు దాటియ్యమన్నరు దొరసానీ. దాటిచ్చిన."

"ముట్టకు ప్రమోదినీ, అరిష్టం. అగ్గిపెడితే అయిపోతది," అన్నాడు శ్రీధర్‌రావు.

"అంత ఎండుటాకే ఉన్నది దొరా. అడివే అంటుకుంటది," అంది ఆనందమ్మ భయంగా.

ప్రమోదిని కొంగు నడుముకు చుట్టి పరుపు ఒక కొస పట్టింది. బరువుకు అది లేవలేదు. రెండో కొస ఆనందమ్మ వచ్చి పట్టింది. లేచిన చోట నేల తడిగా ఉంది. బురద తోడిపోశారు. రాళ్ల సందున నీరు మెల్లగా ఊరింది, తోడినకొద్దీ తేటపడింది, చివరకు అందులో టేకు కొమ్మలూ ఆకాశమూ కనిపించాయి. ఇన్ని రోజులు తమ మురికి కింద అణిగి ఉండి కూడా అలగకుండా వచ్చిన ఆ నీటిని చూసి ఒక్కరూ కదల్లేదు. శ్రీధర్‌రావు పార కింద పెట్టి దండం పెట్టాడు.

ఆనందమ్మ ముంత కడిగి, నిండా ముంచి అందించింది. ప్రమోదిని తాగింది. ఆమె కళ్లు నిండాయి.

"గీ చెత్తంత మా చెల్క భూమిల గుంత తవ్వి పూడుస్తం," అంది భర్త వైపు చూస్తూ. ఆయన తలూపాడు. అప్పుడామె అందరి వైపు తిరిగింది.

"ఎవల పాపమని ఊరంత అడిగిన. నాదే. ఊరు దాటిచ్చి రమ్మన్న గని, దాటినంక ఇంకొకల ఊరు ఉంటదని సోంచాయించలే. కండ్ల ముందట లేకుంటే చెత్త పోయినట్టు కాదు, ఇంకొకల నీళ్లల్ల పడ్డట్టు."