ఒక్కసారే అడిగిన దొర

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో మే నెల ఎండ అంటే ఎండ కాదు, శిక్ష. ఆ శిక్ష అందరికీ సమానంగా పడితే లక్ష్మణరావు ఏమీ అనుకునేవాడు కాదు. నాగ్‌పూర్ రోడ్డు మీద ట్రాక్టర్ల షోరూమ్ పైఅంతస్తులో ఉన్న బ్రాన్‌మోర్ ఇంటర్నేషనల్ యూనివర్సిటీ వారి కేంద్రంలో ఒకే ఒక్క ఏసీ ఉంది. అది కంప్యూటర్ గదిలో ఉంది. కంప్యూటర్లకు వేడి పడదట! మనుషులకు పడుతుంది కాబోలు.

ఆ గదిలో వంశీధర్ కూర్చుంటాడు. హైదరాబాద్ నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు. మెడకు టై కట్టుకుని, చొక్కా చేతులు మడవకుండా, ఒంటిమీద చెమటచుక్క లేకుండా కూర్చుని యూనివర్సిటీ దొరలతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడతాడు. పక్క గదిలో లక్ష్మణరావు నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, వేడిగాలి కొట్టే ఫ్యాను కింద జవాబుపత్రాలు ఎగిరిపోకుండా వాటి మీద బొగ్గుపెళ్లలు పెట్టుకుని కూర్చుంటాడు. మధ్యలో ఉన్నది పలుచటి చెక్కగోడ. దాని సందుల్లోంచి చల్లగాలి సన్నగా వచ్చి మోచేతికి తగిలేది. ఆ కాస్త చల్లదనమే ఆయన ఒళ్లు ఎక్కువ మండించేది.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

ఈ కేంద్రం ఎవరి కష్టం? తొంభై ఒకటి తర్వాత దేశం తలుపులు బార్లా తెరిచినప్పుడు, ఇంగ్లండులో ఎక్కడో ఉన్న ఈ యూనివర్సిటీ మన దగ్గరా నాలుగైదు చోట్ల కేంద్రాలు పెట్టింది. సిమెంటు, కరెంటు ఫ్యాక్టరీల ఇంజనీర్ల పిల్లలు ఓడెక్కకుండానే సీమ డిగ్రీ తెచ్చుకోవచ్చన్నమాట. రాజురా కాలేజీలో పర్మనెంటు లెక్చరరుగా ఉన్న లక్ష్మణరావు, అందరూ వద్దని మొత్తుకుంటున్నా, ఆ ఉద్యోగం వదిలి ఇందులో చేరాడు. దొరల లెక్కలో డెబ్బై మార్కులంటే బ్రహ్మాండం. మన తండ్రులకు డెబ్బై అంటే పరువు తక్కువ. "మా వానికి సున్నం పెట్టిన్రు" అని కొట్లాటకు వచ్చిన తండ్రులందరినీ కూర్చోబెట్టి, చాయ్ తాపి, నచ్చజెప్పి పంపింది లక్ష్మణరావు. సిలబస్ రాసిందీ, దిద్దిన పేపర్లు మళ్లీ దిద్దించడానికి సముద్రం దాటించిందీ ఆయనే. అంతా కుదురుకున్నాక వంశీధర్ వచ్చాడు. వచ్చి ఏసీలో కూర్చున్నాడు.

ఆ ఏడాది వేసవిలో కబురొచ్చింది. యూనివర్సిటీ నుంచి ప్రొఫెసర్ కార్వెల్ అనే పెద్దాయన వస్తున్నాడు. చదువులు ఎలా సాగుతున్నాయో చూసి, ఇక్కడి వాళ్లలోనే ఒకరిని కేంద్రానికి డైరెక్టర్‌గా నియమించి పోతాడు. ఇన్నాళ్లూ ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. లక్ష్మణరావు దాని పక్కనుంచి పోయినప్పుడల్లా ఓరకంట చూసి, ఎవరూ లేకపోతే దుమ్ము దులిపేవాడు.

"సాహెబ్, కుర్చీ మీదే. ఇంకెవరికిస్తరు?" అన్నాడు ప్యూన్ బాపురావు.

"నాదేముందయ్యా, చూద్దాం" అన్నాడు లక్ష్మణరావు. లోపల మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది. మరుక్షణం చెక్కగోడ అవతల వంశీధర్ నవ్వు వినిపించింది. ఆ పాలు విరిగిపోయాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రాజురా వైపు పాత తెలుగు ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. అన్నం వేళకు వచ్చిన మనిషి "తిన్న, కడుపు నిండుగుంది" అనాలి. ఇంటివాళ్లు రెండోసారి అడగాలి. "అయ్యో, మీకెందుకు తకలీబు" అనాలి. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగి పీట మీద కూర్చోబెట్టాలి. అప్పుడు తినాలి. మొదటిసారికే కూర్చున్నవాడు ఆశపోతు. మూడోసారి అడగనివాళ్లు పిసినారులు. లక్ష్మణరావు తండ్రి ఊరిపెద్ద అయింది కూడా ఇలాగే. "పెద్దోళ్లుండంగ నేనెంత, వాళ్లను చూడుండ్రి" అని రెండుసార్లు పక్కవాడి పేరు చెప్పి, మూడోసారి నలుగురూ రెక్క పట్టి లాగితే వెళ్లి గద్దె మీద కూర్చున్నాడు.

వంశీధర్ హైదరాబాద్ మనిషైతేనేం, వాడి పెంపకమూ ఇదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో లక్ష్మణరావు ఇంటికి వచ్చి, "తినే వచ్చిన అక్కా" అని ఆయన భార్య సుధతో ఒకసారికి రెండుసార్లు అబద్ధమాడి, మూడోసారి పీటెక్కి ఆమె చేసిన వార్ధా నది చేపల పులుసు ఊడ్చి తిన్నాడు. అప్పుడు లక్ష్మణరావుకు ముచ్చటేసింది కూడా. మనవాడే, మర్యాద తెలిసినవాడే అనుకున్నాడు.

కార్వెల్ దొర వచ్చాడు. ఎర్రగా కందిపోయి, చెమటలు కక్కుతూ, అన్ని గదులూ తిరిగి, జవాబుపత్రాల మీది బొగ్గుపెళ్లను చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. చివరి రోజు సమావేశం కంప్యూటర్ గదిలోనే పెట్టారు. మరి దొర బతకాలి కదా! అధ్యాపకులంతా చుట్టూ కూర్చున్నారు. లక్ష్మణరావు సుధ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని దొరకు కుడిపక్కన కూర్చున్నాడు. ఎదురుగా వంశీధర్.

దొర ఇంగ్లీషులో చక్కగా, నెమ్మదిగా మాట్లాడాడు. ఈ కేంద్రం నిలబడిందంటే మిస్టర్ రావు చలవే అన్నాడు. "అందుకే ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. మీరు డైరెక్టర్‌గా ఉంటారా?" అన్నాడు.

లక్ష్మణరావు చొక్కా సర్దుకున్నాడు. ఇన్నేళ్ల నుంచీ ఎదురుచూసిన మాట! నలుగురూ తననే చూస్తున్నారు. వంశీధర్ ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూస్తుంటే కడుపు చల్లగా ఉంది. తండ్రి నేర్పిన వినయమంతా నాలుక మీదికి వచ్చింది.

"నేనెంతవాణ్ణి సార్! అంత బరువు నేను మోయగలనా? మన వంశీధర్ ఉన్నాడు, వయసులో చిన్నవాడు, చురుకైనవాడు. ఆయన్ని చూడండి" అని చేతులు జోడించి తల వంచాడు.

వంచి, రెండోసారి అడగడం కోసం ఆగాడు.

దొర కళ్లు మెరిశాయి. "ఎంత గొప్ప మనసు!" అన్నాడు. "అర్హత ఉండి కూడా, తన ఇష్టంతో చిన్నవాడికి దారి ఇచ్చే మనిషిని నా ఉద్యోగ జీవితంలో ఇప్పుడే చూస్తున్నాను. మీ నిర్ణయాన్ని గౌరవిస్తాను." లక్ష్మణరావు తల ఎత్తేలోపు దొర కుర్చీ అటు తిప్పేశాడు. "మిస్టర్ వంశీధర్, మీరు ఉంటారా?"

అయ్యో! ఆగవయ్యా దొరా! ఇంకోసారి అడుగు! లక్ష్మణరావు నోరు తెరిచాడు. ఏమని చెబుతాడు? నేను వద్దన్నది వద్దని కాదని ఇంగ్లీషులో ఎలా చెబుతారు? నలుగురి ముందు ఇచ్చిన మాట ఏ మొహంతో వెనక్కి తీసుకుంటాడు? వంశీధర్ వైపు చూశాడు. ఒక్క మాట చెప్పరా, మా దగ్గర ఇలాగే అంటారు సార్, ఇంకోసారి అడగండి అని. వంశీధర్ ఆయన కళ్లలోకి ఒక్క క్షణం చూసి, బల్ల మీది పెన్ను వైపు చూపు తిప్పుకున్నాడు.

"ఉంటాను సార్" అన్నాడు. మొదటిసారికే.

అందరూ చప్పట్లు కొట్టారు. లక్ష్మణరావు కూడా కొట్టాడు. కొట్టక చస్తాడా!

అసలు నరకం అప్పుడు మొదలైంది. ఓడిపోయినవాడిని ఎవరైనా ఓదారుస్తారు, ఏడవడానికైనా వీలుంటుంది. ఈయన ఓడిపోలేదు, త్యాగం చేశాడు! వంశీధర్ అందరి ముందూ కాళ్లకు దండం పెట్టి, "సార్ పెట్టిన భిక్ష" అన్నాడు. బాపురావు బంతిపూల దండ తెచ్చి మెడలో వేసి, "మోఠ్యా మనాచా మాణూస్" అని కళ్లు తుడుచుకున్నాడు. పెద్ద మనసున్న మనిషట! ఆ పెద్ద మనసులో ఏం ఉడుకుతోందో వాడికేం తెలుసు? దండలోంచి ఒక చీమ లక్ష్మణరావు మెడ మీద కుట్టింది. దులుపుకోలేదు.

ఇంటికి పోయి చెబితే సుధ నెత్తి పట్టుకుంది.

"మొహమాటానికి పోతే కడుపయిందని ఇగ మీరే! అడగందే అమ్మైనా పెట్టదంటరు. గా దొర అడిగి మరీ పెడుతుంటే వద్దంటరా? ఏం రోగమొచ్చింది మీకు?"

"మల్ల అడుగుతడనుకున్న" అన్నాడు లక్ష్మణరావు.

"దొరకేం తెలుస్తది? మన ఇంట్ల అన్నం తిన్నడా ఆయన?" సుధ ఆగి, కొంగు దోపుకుంది. "దొరకు తెల్వదు సరే. వంశీధర్‌కు తెల్వదా?"

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. పక్కన కూర్చున్నవాడు మనవాడైతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. భార్య అన్న ఆ మాట ఆయన లోపల ముల్లులా దిగింది. కూర్చుంటే అదే, నిలబడితే అదే. లక్ష్మణరావు గదికి రెండో పక్కనున్న డైరెక్టర్ గదికి కొత్త ఏసీ వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీ మేనేజర్లు అందులోకే పోతున్నారు. డెబ్బై మార్కుల తండ్రులు మాత్రం ఇంకా లక్ష్మణరావు దగ్గరికే వస్తున్నారు. వంశీధర్ కుర్చీలో వెనక్కి వాలితే కిర్రుమనే చప్పుడు గోడ ఇవతలికి వినిపించేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా దిద్దుతున్న పేపరు మీద ఎర్రసిరా ఒత్తి పడేది. ఎవరిదో పిల్లవాడి పేపరు, పాపం, వాడేం చేశాడు?

జూన్ వచ్చినా వాన పడలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, సరిగ్గా లక్ష్మణరావు పీట మీద కూర్చోబోతుండగా వంశీధర్ వచ్చాడు. కొత్త బ్యాచ్ టైమ్‌టేబుల్ గురించి మాట్లాడాలట. ఎండలో స్కూటర్ మీద వచ్చి ముఖం పీక్కుపోయింది. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది. వాడి ముక్కుపుటాలు అదిరాయి. లక్ష్మణరావు చూశాడు.

"రావయ్యా, అన్నం తిందువు" అన్నాడు.

"వద్దు సార్, తినే వచ్చిన" అంటూ వంశీధర్ గుమ్మం దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు.

"సరే" అన్నాడు లక్ష్మణరావు.

అని, పీట మీద కూర్చుని, పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. సుధ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంటికి వచ్చినవాణ్ణి రెండోసారి అడగకుండా ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు ఏనాడూ. ఆమె నోరు తెరవబోతే లక్ష్మణరావు కళ్లతోనే వద్దన్నాడు. పులుసు కలుపుకుని, ముద్ద చేసి, నిదానంగా తినసాగాడు. ఆహా, ఆ ముద్ద ఎంత రుచిగా ఉందో! నెల రోజుల్లో నోటికి అన్నం రుచి తెలిసింది అప్పుడే. కూర్చోరా, కూర్చో. చూస్తూ కూర్చో.

వంశీధర్ చేతిలోని కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. లక్ష్మణరావు ముఖం చూశాడు. పళ్లెం చూశాడు. సంగతి అర్థమైంది. అర్థమైందని లక్ష్మణరావుకూ అర్థమైంది. ఇక వాడు తలదించుకుని లేచి పోతాడు, పోవాలి.

వంశీధర్ కాగితాలు పక్కన పెట్టాడు. చెప్పులు విడిచి, పంపు దగ్గర చేతులు కడుక్కుని వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"అక్కా, నాక్కూడ ఇంత పెట్టు. అబద్ధమాడిన. తినలేదు, ఆకలైతుంది."

సుధ కదల్లేదు. వంశీధర్ లక్ష్మణరావు వైపు తిరిగాడు.

"ఆనాడు నాకు తెలుసు సార్. మీరు మర్యాదకు అన్నరని తెలుసు. చెప్పాల్నని నోటిదాంక వచ్చింది. కానీ నాక్కూడ ఆ కుర్చీ మీద ఆశుండె. గందుకే నోరు మూసుకున్న. తప్పే. మీరు తిట్టుండ్రి, పడత. కానీ ఆశ లేదని మాత్రం అనను."

తిట్టడానికి లక్ష్మణరావు దగ్గర నెల రోజుల సరుకు ఉంది. అదంతా వదిలి వాడి మాటలే నెమరేశాడు. ఆకలైతుందట! ఆశుండెనట! ఎంత సులువుగా అనేశాడు! గొంతుకు అడ్డం పడలేదు, పరువు పోలేదు, కప్పు కూలలేదు. తను ఇంత వయసొచ్చీ నాకు కావాలి అని ఒక్కసారి, ఎవరితోనైనా, కట్టుకున్న భార్యతోనైనా అన్నాడా? ఏసీ మీదా కుర్చీ మీదా పడిన అసూయ ఒక ఎత్తు, ఇప్పుడు లేచింది ఒక ఎత్తు. వాడికున్న నోరు తనకు ఎందుకు లేదు?

సుధ ఒక పళ్లెం తెచ్చి వంశీధర్ ముందు పెట్టి అన్నం వడ్డించింది. పులుసు గిన్నె పట్టుకుని మొదట భర్త దగ్గరికి వచ్చింది. గిన్నెలో ఆదివారం ఆదివారం ఆయనకే దక్కే తలకాయ ముక్క ఉంది.

"వెయ్యన్నా?"

"వద్దు, చాలు" అంటూ లక్ష్మణరావు చెయ్యి అడ్డం పెట్టాడు. అలవాటు.

సుధ ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి, రెండోసారి అడగలేదు. గిన్నె అటు తిప్పి తలకాయ ముక్క వంశీధర్ పళ్లెంలో వేసింది.

"ఇంకింత పులుసు పొయ్యి అక్కా" అన్నాడు వంశీధర్.

లక్ష్మణరావు ఆ ముక్క వైపు చూస్తూ, పులుసు అయిపోయిన అన్నాన్ని మళ్లీ కలపడం మొదలుపెట్టాడు.