బొట్టు కింద హెచ్చరిక

నేను ఒక కంప్యూటర్‌ను. చెప్పుకోదగ్గ పుట్టుకేమీ కాదు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో నాలాంటివి వేలకొద్దీ వరసలో కదిలి వస్తుంటే, మాస్కు కట్టుకున్న ఒకావిడ నా వెనక నాలుగు మరలు బిగించి పక్కకు నెట్టింది. మొదట చౌటుప్పల్‌లో ఒక నెట్ సెంటర్లో మూడేళ్ళు హాల్ టికెట్లు తీసిచ్చాను. అది మూతపడ్డాక, నల్గొండ జిల్లాలోని ఒక చేనేత సంఘం వాళ్ళు నన్ను ఆటోలో తెచ్చుకున్నారు. దారంతా నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది సుగుణ. సంఘానికి వచ్చే మెయిళ్ళు చూసేదీ, నన్ను నడిపేదీ ఆమే.

నాకు అప్పగించిన ఆస్తి ఒకటుంది. అది రాపోలు భిక్షమయ్య డిజైన్లు. ముప్పై ఏళ్ళుగా ఆయన గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ నింపుతూ గీసిన తేళ్ళు, ఏనుగులు, గడియారాలు, మొత్తం నాలుగు వందల పన్నెండు. నూలును ముందే కట్టి రంగులో ముంచి నేసే పని కదా, ఒక్క గడి తప్పితే బొమ్మంతా తప్పుతుంది. ఆ కాగితాలు మగ్గాల దగ్గర నలిగి చినిగిపోతుంటే, సుగుణ ఒక్కొక్కటీ స్కాన్ చేసి నాలో దాచింది. కాగితాలు ఆ తర్వాత పూర్తిగా పాడైపోయాయి. భిక్షమయ్య కళ్ళకు అప్పటికే మసకలొచ్చాయి, చేయి వణుకుతోంది. "ఇగ నా పానమంత గీ డబ్బలనే ఉన్నది బిడ్డా" అనేవాడు నన్ను చూపించి. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది.

నాలో ఒక కాపలాదారు ఉండేవాడు. చేనేత సంఘాలన్నిటినీ చూసుకునే హైదరాబాద్ ఆఫీసు వాళ్ళు పెట్టించిన ప్రోగ్రాం అది. మెయిల్‌తో వచ్చిన ఫైలు పేరేమిటన్నది వాడికి పట్టదు. తెరిచాక అదేం చేస్తుందో చూస్తాడు. అనుమానం వస్తే నా తెర మీద కుడివైపు కింది మూలన ఎర్ర పెట్టెలో హెచ్చరిక వేసి, హైదరాబాద్‌కు కబురు పంపుతాడు. అక్కడ అఫ్రీన్ అనే అమ్మాయి ఆ కబురు చూసి, కావాలంటే ఒక్క మీటతో నా పనంతా ఆపేయగలదు.

వాడిది పిరికి ప్రాణం. పెళ్ళి పత్రిక వచ్చినా అరిచేవాడు, పండగ శుభాకాంక్షలు వచ్చినా అరిచేవాడు. అరిచే నోరు మాత్రం నాది. ఒకసారి ఎగ్జిబిషన్‌కని డిజైన్లన్నీ మూటగట్టి పంపుతుంటే, దొంగతనమేమో అనుకుని కబురు పెట్టాడు. అఫ్రీన్ నన్ను ఆపేసింది. సంఘానికి స్టాలు చేజారింది. సుగుణ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. "మేడం, ఈసారి ఆపే ముంగట నాకొక్క ఫోన్ చెయ్యిండ్రి" అని బతిమాలింది. అఫ్రీన్ మెత్తని మనిషి. రూలుకు విరుద్ధమని తెలిసీ సరేనంది.

ఆ ఏడు దసరాకు మగ్గాలతో పాటు నాకూ పూజ చేశారు. సుగుణ నా తెర మీద అరచేతి వెడల్పున గంధం పూసి, మధ్యలో కుంకుమ పెట్టింది. నడుమ పెడితే డిజైన్లకు అడ్డమని కుడివైపు కింది మూలన పెట్టింది. పూజ బొట్టును వాళ్ళు చేత్తో తుడవరు, దానంతటదే రాలిపోవాలి. నేనూ మురిసిపోయాను. దేవుణ్ణి చేసి నా నోరు మూశారన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

నాలుగో రోజు పొద్దున ఒక మెయిల్ వచ్చింది. ఏనుగు డిజైన్ రుమాళ్ళు కావాలి, వివరాలు జత చేసిన ఫైల్లో ఉన్నాయి అని. సుగుణ సంబరంగా తెరిచింది. ఫైలు ఏదో అనుమతి అడిగితే, రోజూ నొక్కినట్టే నొక్కేసింది. అది తలుపు తీసిన ఇంట్లో దూరినట్టు దూరి, డిజైన్లకు ఒక్కొక్కటిగా, మళ్ళీ ఎవరూ తెరవలేనట్టు, తాళం వేసుకుంటూ పోయింది. భద్రంగా ఉంటుందని నాకు ఎప్పుడూ తగిలించే ఉంచిన హార్డ్ డిస్కులోని నకళ్ళనూ వదల్లేదు. కాపలావాడు గొంతు చించుకున్నాడు. ఎర్ర పెట్టె గంధం కింద వెలిగింది.

అఫ్రీన్ మాట తప్పలేదు, ముందు ఫోనే చేసింది. "సుగుణగారూ, మీ తెర మీద కింద కుడిమూలన ఎర్రగా ఏమైనా కనిపిస్తోందా? ఒకసారి చూసి చెప్పండి."

సుగుణ నిజంగానే వంగి చూసింది. "ఏం లేదు మేడం, బొట్టే ఉన్నది. మీ కాపల ప్రోగ్రాం రోజు మొత్తుకునేదే, పండుగ కార్డులు గూడ దానికి పడయి."

అఫ్రీన్ పావుగంట ఆగి, ఇక మనసు ఒప్పక నన్ను ఆపేసింది. అప్పటికి తాళం పడకుండా ముప్పై ఒక్క డిజైన్లే మిగిలాయి.

మర్నాడు అఫ్రీన్ స్వయంగా వచ్చి నన్ను తిరిగి వెలిగించింది. సుగుణ వద్దనేలోపే చున్నీ అంచుతో గంధం తుడిచింది. కింద ఎర్ర పెట్టె అలాగే ఉంది, "వెంటనే ఆపండి" అని. సుగుణ దాని మీద వేలు పెట్టి అక్షరమక్షరం చదివింది. "నేను ఫోన్ చేయకుండా ఆపేయాల్సింది" అని అఫ్రీన్ గోడకేసి చూస్తూ అంది. ఇద్దరి కంటే నా తప్పే పెద్దది. ఏడాది పొడవునా ఉత్తపుణ్యానికి అరిచి, నా అరుపుకు విలువ లేకుండా చేసుకున్నది నేనే.

భిక్షమయ్య వచ్చి నా ముందు కూర్చున్నాడు. "వచ్చే దసరకు బొట్టు దీని ఈపుకు పెట్టు బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు నేను అదే గదిలో మూలన, పాత దుప్పటి కప్పుకుని ఉన్నాను. కొత్త కంప్యూటర్ వచ్చింది. ఆయన మళ్ళీ గళ్ళ కాగితం ముందేసుకుని, గుర్తున్నవి గుర్తున్నట్టు, వంకరటింకరగానైనా గీస్తున్నాడు. ఆయన చెబుతుంటే సుగుణ గళ్ళు లెక్కపెట్టి నింపుతుంది. నిన్న ఏనుగు దగ్గర ఆయన చేయి ఆగిపోయింది.

"సుగుణా, తొండం కింద ఎన్ని గళ్ళు ఇడిస్తుంటిమి?"

సుగుణ అలవాటు కొద్దీ నా వైపు తిరిగింది. దుప్పటిని కాసేపు చూసి, మళ్ళీ కాగితం మీదికి వంగింది.