ఎండుసొర మూట

నర్సీపట్నం తాలూకా కచేరీలో గుమాస్తాగిరీ దొరికిన మర్నాడే మా వియ్యంకుడు చేపలు మానేశాడు. తను మానినవాడు ఊరుకోక ఇంటిల్లిపాది చేతా మాన్పించాడు. మూడో తరగతిలో పలక వదిలి బండి పట్టినవాణ్ణి నేను. నాలుగు అక్షరాలు వస్తే మనిషి ముక్కు కూడా మారిపోతుందని అప్పుడే తెలిసింది. నా కూతురు సోమలమ్మ ఆ ఇంటి కోడలై రెండేళ్లు చేప ముట్టలేదు.

పురిటికి మా ఇంటికి వచ్చింది. మగబిడ్డ. రెండో నెల వచ్చినా పాలు చాలక వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. వియ్యపురాలు దేవుడమ్మగారు కచేరీ వీధి నుంచి ఊరి చివర మా ఇంటికి కుండలతో నెయ్యీ, బుట్టలతో బూరెలూ పంపుతూనే ఉంది. ఆఖరికి తనే వచ్చి చూసి, అమావాస్య వెళ్లగానే పిల్లవాణ్ణి తీసుకుపోతామనీ, డబ్బాపాలు పట్టి దొరబిడ్డలా పెంచుతామనీ చెప్పి వెళ్లింది. వెంట తల్లి రావాలో అక్కర్లేదో చెప్పలేదు.

ఆ సాయంత్రం రైలు స్టేషనుకు బెల్లం తోలడానికి ఎడ్లను కడుతుంటే సోమలమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"అయ్యా, తిరిగొచ్చీటప్పుడు రాయవరం సంతలో ఎండుసొర తే, ఆ సేప తింతే పాలు పడతాయి. కొవ్వున్న సేప వద్దు. ఆ నెయ్యి నా ఒంటికే పడతంది గానీ గుంటడికి సేరట్లేదు."

వియ్యాలవారికి తెలిస్తే కాపరం పోతుందని నా భార్య అప్పలకొండమ్మ గోల పెట్టింది.

"రెండేళ్లు మానీసినాను గదే అమ్మా, ఏటయ్యింది? గుంటణ్ణే అట్టుకుపోతామంతన్నారు."

సంతలో చేపలామె జిడ్డు కారే ముక్కలు ముందుకు తోసింది. వద్దని, కట్టెలా ఎండిన సొరముక్కలు ఏరి మూట కట్టించాను. సోమలమ్మ వాటిని వేణ్ణీళ్లలో నానేసి, గరుకు తోలు గీకి, ఉడికించి చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి పిట్టు చేసింది. కంచంలో అన్నం సగానికి తగ్గించి ఆ చోట సొరపిట్టు పెట్టుకుంది. పక్కన మునగాకు కూర, ఉలవకట్టు. నెయ్యి ఒక్క చుక్క. మర్నాడు సొర లేదు, కోడిగుడ్డూ పెసరకట్టూ. ఏది ఎంత తినాలో తనే తేల్చుకుంది. బూరెలు మా ఎడ్లు తిన్నాయి.

పాలు పడ్డాయి.

అమావాస్య వెళ్లాక దేవుడమ్మగారు పాలడబ్బాతో దిగింది. సొర వాసన గుమ్మంలోనే తగిలింది కాబోలు, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకునే వచ్చి పిల్లవాణ్ణి ఎత్తింది. ఎత్తిన చెయ్యి బరువుకి కాస్త దిగింది. వాడి మణికట్టు మడతలు తడిమి చూస్తుంటే, వాడు ఆవిడ పట్టుచీర మీద ఇన్ని పాలు కక్కి మళ్లీ నిద్రపోయాడు.

"ఏటి తింతన్నావే?" అంది కోడలితో.

"సొర, అత్తా. మీ ఇంటికొచ్చినా తింతాను. గుంటడు పాలు మానీదాకా."

అప్పలకొండమ్మ దూలం పడబోతున్నట్టు గుంజ పట్టుకుంది. దేవుడమ్మగారు ముక్కు మీది చెంగు తీసి చీర మీది పాలు తుడుచుకుంది. మళ్లీ చెంగు ముక్కు మీదికి పోలేదు. సోమలమ్మ ఆ డబ్బాకే కన్నం పొడిచి, అత్తగారికి కాఫీ కలిపి ఇచ్చింది. ఆవిడ చివరి చుక్కదాకా తాగి, వెళ్లబోతూ నా దగ్గర ఆగింది.

"అన్నయ్యగారూ, తల్లీ పిల్లడూ వొచ్చేక ఆ మూట బస్తాల కింద ఎట్టి పంపండి."

తల ఊపాను. ఊపడానికేం.

ఇప్పుడు సంత నుంచి వచ్చే ప్రతిసారీ నా బండి తాలూకా కచేరీ ముందు నుంచే పోతుంది. మూట బస్తాల మీదే ఉంటుంది. గుమాస్తాగారు కిటికీలోంచి చూసి కాగితాల్లోకి తల దించుకుంటాడు. అదేమిటని దారిలో ఎవరైనా అడిగితే, బండి ఆపి మరీ చెబుతాను, నా కూతురు ఏరి కోరుకున్న తిండి అని.