తెగితే వెలిగే దారం

సోమందేపల్లె దగ్గరి ఆ ఊళ్ళో ఎండాకాలం మూడు నెలలూ నీళ్ళుండేది ఒక్క ఈరప్ప బోరులోనే. ఆ నీళ్ళలో సీసం ఉందని చెప్పింది నేనే. చెప్పి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు.

నా పేరు హేమావతి. అనంతపురంలో పరిశోధన చేస్తున్నాను. సంచీ నిండా చిన్న చిన్న గొట్టాలు, నీలం దీపమున్న ఒక డబ్బా, ఇవే నా సరంజామా. గొట్టంలో ఉండే చుక్కలో డీఎన్ఏ ఉంటుంది. మన ఒంట్లో ఉండేదాని లాంటిదే, కాకపోతే ల్యాబులో మనకు కావలసిన వరుసలో అల్లించుకున్న సన్నని దారం. దాంట్లో పోసిన నీళ్ళలో సీసం ఉంటే ఆ దారం ఒకచోట తెగుతుంది. తెగిన ముక్క నీలం దీపం కింద పచ్చగా వెలుగుతుంది. సీసం లేకపోతే చీకటే.

మొదటిరోజు ఇదంతా అరుగు మీద కూర్చుని చెబితే ఈరప్ప పకపకా నవ్వాడు.

"ధర్మవరంలో మా దోస్తు మగ్గం నేస్తాడు పాపా. దారం తెగితే ఆయప్ప నెత్తి కొట్టుకుంటాడు. నీది తెగితేనే పనికొస్తాదా?"

పది నిమిషాల తర్వాత గొట్టం పచ్చగా వెలిగింది. ఆయన నవ్వు ఆగిపోయింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మరుసటి రోజు నుంచి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి పక్క ఊరికి పోతున్నారు.

నాకైతే ఎక్కడో తేడా కొట్టింది. ఈ రాళ్ళలో ఫ్లోరైడు ఉందంటే కళ్ళు మూసుకుని నమ్ముతాను. సీసం ఎక్కడి నుంచి వచ్చినట్టు? చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేదు, పాత బ్యాటరీలు పడేసిన గుంట కూడా లేదు. అయిదో రోజు పొద్దున్నే మళ్ళీ ఆ ఊరి బస్సెక్కాను.

ఈరప్ప అరుగు మీద చేతులు పిసుక్కుంటూ కూర్చున్నాడు.

"ఇరవై ఏండ్లు ఊరంతా తాగినారు పాపా. ఇప్పుడు నన్ను చూస్తే మొగం తిప్పుకుంటాండారు. చేతులు తిమ్మిరెక్కుతాండాయి, కడుపులో నొప్పి. నా బోరే నన్ను చంపుతాండాదా?"

నేను సంచీ అందుకుని బోరు దగ్గరికి నడిచాను. ఈసారి పైపు నుంచే నా బాటిల్లో పట్టాను. గొట్టం చీకటి. రెండోసారీ చీకటే. మూడోసారి డబ్బాలోకి తల దూర్చినంత పని చేశాను. చీకటే!

మరి మొదటిరోజు నేను నీళ్ళు పట్టింది ఎక్కడ?

గుర్తొచ్చింది. ఆ రోజు బోరు దగ్గరికి పోబోతుంటే ఈరప్ప భార్య లక్ష్మీనరసమ్మ అడ్డం పడింది. "ఎండలో నువ్వేల పోతావు? పొద్దున్నే పట్టి పెట్టినా" అంటూ ఇత్తడి చెంబు తెచ్చింది. చింతపండుతో తోమి తళతళా మెరిపించిన చెంబు. ఇంటికొచ్చిన ఆడపిల్లకు మర్యాద. కాదంటే నొచ్చుకుంటుందని ఆ నీళ్ళే తీసుకున్నాను. ఆ మొహమాటానికి నా చదువంతా గంగలో కలిపాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"పెద్దమ్మా, ఆ చెంబు ఒకసారి ఇస్తావా?"

పైపు నీళ్ళే దాంట్లో పోసి గంటసేపు ఉంచి, ఆ నీళ్ళు గొట్టంలో వేశాను. గొట్టం భగ్గున పచ్చగా వెలిగింది.

చెంబు లోపల తెల్లగా కొత్త కళాయి పూత ఉంది. అసలు కళాయికి వాడాల్సింది తగరం. చవగ్గా దొరుకుతుందని ఎవరో అందులో సీసం కలిపినట్టున్నారు.

"నీళ్ళలో ఏమీ లేదు పెదనాయనా. చెంబులో ఉంది" అన్నాను.

"నా నీళ్ళు మంచివేనా?" అని ఈరప్ప రెండుసార్లు అడిగాడు. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

లక్ష్మీనరసమ్మ మాత్రం చెంబునే చూస్తోంది.

"ఉగాది ముందర కళాయి పూసేటాయన వచ్చినాడు. అప్పటినుంచీ ఈయనకు రోజూ దీంట్లోనే మజ్జిగ పోస్తాండా. పుల్లమజ్జిగ అంటే పానం ఈయనకు. మంచి చెంబని నేను దాంట్లో గుక్క కూడా తాగలే. ఆయనకే ఇచ్చినా."

పులుపుకు సీసం ఇంకా బాగా ఊడుతుందని నాకు తెలుసు. ఆమె మొహం చూశాక ఆ మాట దాటేశాను. చెంబు మానేస్తే ఒంట్లో సీసం మెల్లగా తగ్గుతుందనీ, రేపే ఆసుపత్రిలో రక్తం చూపించుకుందామనీ చెప్పాను.

ఈరప్ప లేవబోయాడు. "ఊళ్ళో చెప్పొస్తా, బోరు మంచిదేనని."

"నువ్వు కూచో" అంది ఆమె. "కళాయాయన మనింటికి ఒక్కదానికే వచ్చినాడా?"

చెంబు బోర్లించి చేతిలో పట్టుకుని, వీధిలోకి దిగి నేరుగా ఎదురింటి గడప ముందు నిలబడింది. నిన్నటిదాకా మొహం తిప్పుకున్న ఇల్లే అది.

"పెద్దక్కా, మీ కళాయి చెంబు బయటికి తే. బోరు మంచిదే. మా ఆయనకు విషం నా చేత్తో నేనే పోసినా. నువ్వు మీ ఆయనకు పోయొద్దు."