పాలిస్తన్నావేటమ్మా?

అప్పలసూరి మాత్రల అట్టను కత్తెరతో కోసి, పెట్టెలోంచి తీసిన పల్చటి కాగితంలో పొట్లం కట్టాడు. మందు ఎవరు వాడొచ్చో, ఎవరు వాడకూడదో కంపెనీవాళ్లు చీమతలంత అక్షరాలతో అచ్చేసే కాగితం అది. రామతీర్థం దారిలోని ఆ మందుల షాపులో దాన్ని చదివిన నాథుడు లేడు. పొట్లానికి మాత్రం భలే పనికొస్తుంది. పదో తరగతి తప్పి ఈ కౌంటరు వెనక చేరినవాడు, జుట్టు నెరిసినా ఇక్కడే ఉన్నాడు.

పొట్లం చేతికిచ్చే ముందు ఆడవాళ్లనెవరినైనా ఒక మాట అడగందే వదలడు.

"కడుపుతో ఉన్నావేటమ్మా? పాలిస్తన్నావేటి?"

అవునంటే, మందు వాడినన్నాళ్లూ బిడ్డకు పాలివ్వొద్దంటాడు. ఏ మందైనా అదే మాట. డాక్టరు చెప్పలేదే అని ఎవరైనా నసిగితే, డాక్టరుకేం, బిడ్డ మనది కదా అంటాడు. అతని చాదస్తానికి అందరూ నవ్వుకుంటారు గానీ, వింటారు.

ఆ చాదస్తం ఊరికే రాలేదు. పెళ్లైన కొత్తలో భార్య దుర్గాభవాని నడుం నొప్పంటే ఈ షాపులోంచే మాత్రలు పట్టుకెళ్లాడు. ఆమె నెల తప్పిందని ఇద్దరికీ తెలియదు. ఆ కడుపు నిలవలేదు, మళ్లీ పండలేదు. మాత్రల వల్లేనో కాదో ఎవరూ తేల్చి చెప్పలేదు. ఆమె ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే బాగుండేదని అతనికి ఇప్పటికీ అనిపిస్తుంది.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతుండగా చిన్నతల్లి వచ్చింది. కోడలు అనితకు రొమ్ములో గడ్డ లేస్తే మొన్నామధ్య మాత్రలు కొనుక్కెళ్లింది ఈమే. ఆ రోజూ అతను అడిగాడు, చంటిదానికి పాలు మాన్పించమన్నాడు, పాలపొడి డబ్బా తనే తీసిచ్చాడు. ఇప్పుడు ఆ డబ్బానే కొంగు చాటునుంచి తీసి కౌంటరు మీద పెట్టింది.

మూత తీసినది వెనక్కి తీసుకోరని చెప్పబోయాడు.

"డబ్బులకి కాదు బాబూ. ఇంట్లో ఉంటే అనిత దాన్నే సూస్తన్నాది."

మిగతాది మెల్లగా చెప్పింది. పొడి బోరునీళ్లలో కలిపి సీసాతో పట్టారు. విరేచనాలు పట్టుకున్నాయి. విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే పిల్ల కళ్లు లోపలికి పోయాయి. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

"ఆ మాత్రలేసుకున్నా పాలిచ్చేయొచ్చంట. అక్కడ డాక్టరమ్మ సెప్పింది." ఆమె గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది. "మరి నువ్వేటి బాబూ, వద్దన్నావు?"

అనితకు పాలు ఇంకా పడుతూనే ఉన్నాయని, వాటిని పిండి కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తోందని చెప్పి చిన్నతల్లి వెళ్లిపోయింది.

అతను అన్నం ముట్టలేదు. ఆ మాత్రల పెట్టె దించి, లోపలి కాగితం విప్పి కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. అంతా ఇంగ్లీషు. వేలు పెట్టి కూడబలుక్కుంటే 'మిల్క్' అన్న మాట దొరికింది. దాని చుట్టూ ఉన్నవి లొంగలేదు. తన చేతి మీదుగా ఇద్దరు పోయారనిపించింది.

సాయంత్రం చంటిబిడ్డను చంకనేసుకుని ఒకావిడ జ్వరం మాత్రలకు వచ్చింది. అలవాటు కొద్దీ అడగబోయి ఆగిపోయాడు. ఆసుపత్రిలో నర్సమ్మనడిగి వేసుకోమని, అంతవరకూ పాలు మాన్పించొద్దని మాత్రం అనగలిగాడు. ఆవిడ తలూపి, కౌంటరు మీది డబ్బా చూపించి, ఎంత అని అడిగింది.

అమ్మడానికి కాదన్నాడు.

ఆవిడ వెళ్లాక మూత తీశాడు. పొడి సగం పైనే ఉంది. కొలత చెంచా అందులో పక్కకి ఒరిగి ఉంది, ఎవరో మళ్లీ తీయడానికి వీలుగా వదిలినట్టు.