నాలుగు సెకన్లు వెనక

మద్దయ్య పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, వీసీఆర్ హెడ్డు తుడుస్తున్నాడు. పొద్దున తొమ్మిదికి స్టూడియో తలుపు తీయగానే చేసే మొదటి పని అది. నంద్యాలలో ఈ స్టూడియోలో చేరి పద్దెనిమిదేళ్లయింది. మొదట పెళ్లిళ్లలో లైటు పట్టుకున్నాడు. తర్వాత కెమెరా మోశాడు. కుడిభుజం పాడయ్యాక కిటికీ లేని ఈ గదిలో మిక్సింగు మిషను ముందు కూర్చోబెట్టారు. ఆ భుజం ఇప్పటికీ ఒక పక్కకు వాలే ఉంటుంది. తాలూకాలో సగం మంది పెళ్లికూతుళ్ల మొహాలు అతనికి కంఠతా వచ్చు. బస్టాండులో వాళ్లలో ఎవరైనా ఎదురైతే తెలిసిన మనిషే కదా అని పలకరింపుగా నవ్వుతాడు. ఆమె కొరకొరా చూసి పోతుంది. ఆమె తనకు తెలుసు గానీ తను ఆమెకు తెలియడని అప్పుడు గుర్తొస్తుంది ఈ పిచ్చిమారాజుకు.

ఓనరు మహేశ్వర్ గడపలో నిలబడ్డాడు. “మద్దన్నా, ఆళ్లగడ్డ సారు ఫోన్ చేసినాడు. సాయంత్రం ఐదుకు వస్తాడంట. ఆ సీడీ ఏమాయ?”

“చేస్తాండాలేప్పా.”

“నెల నుంచీ చేస్తానే ఉండావ్.”

ఆళ్లగడ్డ సారంటే ఎలీషా, అక్కడి బడిలో టీచరు. తొమ్మిదేళ్ల కిందట ఈ స్టూడియోనే తీసిన తన పెళ్లి క్యాసెట్ తెచ్చి సీడీ చేయమన్నాడు. చేసిస్తే క్యాసెట్ ఇక్కడే వదిలి సీడీ తీసుకుపోయి, వారానికే దాన్ని వెనక్కి తెచ్చాడు. “మొదట బాగనే ఉందన్నా. పోనుపోను మా కృపావతి పెదాలు ఒకసారి కదిలితే మాట ఇంగోసారి వస్తాంది. ఆమె పెండ్లికి ఒప్పుకునే కాడ చూడు” అన్నాడు. మద్దయ్యకు చిర్రెత్తుకొచ్చింది. సీడీలు వచ్చిన ఈ మూడేళ్లలో వందల పెళ్లిళ్లను సీడీలకెక్కించాడు, ఒక్కరన్నా ఈ మాట అన్నారా? చూద్దాంలే అని పక్కన పెట్టాడు. పెట్టింది పెట్టినట్టే మరిచాడు.

ఇవాళ ఇక తప్పక ఆ సీడీ వేసి, ఎప్పటిలా మొదటి ఐదు నిమిషాలతో సరిపెట్టకుండా చివరిదాకా కూర్చుని చూశాడు. ఎలీషా చెప్పింది నిజమే. పది నిమిషాలకు మాట కొంచెం వెనకబడింది. గంట దాటి ప్రమాణాల దగ్గరికి వచ్చేసరికి నాలుగు సెకన్లు వెనకబడింది. పెళ్లికూతురు నోరు మూసుకున్నాక ఆమె గొంతు వినిపించింది. టేపు నుంచి ఎక్కించుకునేటప్పుడు కంప్యూటర్ వేడెక్కి బొమ్మలను అక్కడక్కడా మింగేస్తోంది. శబ్దాన్ని మాత్రం మింగడం లేదు. బొమ్మ కురచయ్యేకొద్దీ మాట వెనక మిగిలిపోతోంది.

మరి ఇంతకాలం ఎవరూ ఎందుకు అడగలేదు? మద్దయ్యకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. మిగతా పెళ్లిళ్లన్నిటి మీదా తనే సినిమా పాటలు కప్పేశాడు. మనుషుల మాటలే లేనప్పుడు అవి వెనకబడితే ఎవరికి తెలుస్తుంది? ఎలీషా పెళ్లిలో మాత్రం, చర్చిలో జరిగేదాని మీద సినిమా పాట పడితే ఊరుకోనని పాస్టరు ముందే గట్టిగా చెప్పాడు. అందుకే ఆ ఒక్క పెళ్లిలో మాటలు మిగిలాయి.

దీనికి మందు ఉంది. టేపును పది నిమిషాల ముక్కలుగా మళ్లీ ఎక్కిస్తే సరి. ఏ ముక్కకా ముక్క కొత్తగా మొదలవుతుంది కాబట్టి మాట అంతగా జారదు. లేచి క్యాసెట్ కోసం బీరువా వెతికాడు. దొరికింది. దాని మీద ఎలీషా పేరున్న చీటీ సగం గీకేసి ఉంది. పైన తన చేతిరాతే, ‘చాగలమర్రి, ఓణీల ఫంక్షన్’ అని.

సీడీ తీసుకున్నాక క్యాసెట్ కోసం ఎవరూ తిరిగి రారు. పదిహేను రోజులు చూసి, దాని మీదే ఇంకో ఫంక్షన్ తీయడం స్టూడియోలో అలవాటు. ఎలీషా తిరిగి వచ్చిన రోజే దీన్ని వేరుగా పెట్టాల్సింది. పెట్టలేదు, ఆ కుప్పలోనే పడేశాడు. వీసీఆర్‌లో తోసి చూశాడు. ఎవరో పిల్లకు అక్షింతలు వేస్తున్నారు. ముందుకు తిప్పాడు. భోజనాలు. ఇంకా తిప్పాడు. మళ్లీ భోజనాలే. చివరి అంగుళం దాకా చర్చి ఎక్కడా లేదు.

“నా చేతులు విరిగిపోనూ” అని పైకే తిట్టుకున్నాడు.

ఇక మిగిలింది ఆ తప్పుల సీడీయే. దాన్నే కంప్యూటర్‌లోకి ఎక్కించి బొమ్మనూ శబ్దాన్నీ విడదీశాడు. శబ్దంలోంచి నాలుగు సెకన్లు కోసేస్తే మాట వచ్చి పెదవులను అందుకుంటుంది. ఎక్కడ కోయాలి? పాస్టరు “అంగీకరిస్తున్నావా?” అని అడిగాక, కృపావతి “అంగీకరిస్తున్నాను” అనేలోపు చాలాసేపు నిశ్శబ్దం ఉంది. ఒకే దెబ్బకు అక్కడ కోసేశాడు. ప్రశ్న పూర్తవుతూనే ఆమె ఆత్రంగా ఒప్పుకున్నట్టు వినిపించింది. బొమ్మలో చూస్తే ఆమె మేలిముసుగులోంచి తలెత్తి, ఎలీషాను ఒకసారి తేరిపార చూసి, అప్పుడు నోరు విప్పుతోంది. ఆ చూపు వెనకున్న నిశ్శబ్దాన్ని కోయడానికి చేతులు రాలేదు. కోసింది తిరిగి అతికించాడు.

మధ్యలో రెండు గంటలు కరెంటు పోయింది. అన్నం తినబుద్ధి కాలేదు. కరెంటు రాగానే మొదటినుంచీ మొదలుపెట్టాడు. పాస్టరు దగ్గులో పావు సెకను, బెంచీ ఈడ్చిన చప్పుడులో అర సెకను, ఎవరిదో చంటిబిడ్డ ఏడుపులో ఇంకొంచెం, ఇలా గంట పొడవునా ఏరి ఏరి కోశాడు. నాలుగున్నరకు ఆమె పెదవులూ మాటా ఒక్కటిగా కదిలాయి. మద్దయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఇంత శ్రద్ధగా ఏ పెళ్లికీ చేయలేదే అనిపించింది.

ఎలీషా ఐదుకు ముందే వచ్చాడు. చిక్కిపోయి, గడ్డం పెరిగి ఉన్నాడు. స్టూలు మీద కూర్చుని, ప్రమాణాల దగ్గర మాత్రం వేయమన్నాడు. కృపావతి తలెత్తింది, చూసింది, ఒప్పుకుంది.

“అంతేన్నా. సరిగ్గా అంతసేపే చూసింది నన్ను.”

“ఇంటికి పోయి ఆయమ్మకు చూపీప్పా” అన్నాడు మద్దయ్య హుషారుగా.

ఎలీషా టీవీ వైపే చూస్తూ చెప్పాడు. “లేదన్నా. పన్నెండు దినాలాయ, పోయింది. కామెర్లు ముదిరినాయి. ముందిచ్చిన సీడీ ఆసుపత్రికి పోకముందు చూసింది. ‘ఏందీ, నేను ఇంత లేటుగా ఒప్పుకున్నానా?’ అని ఒకటే నవ్వు. సరిచేయించి తీసుకురా, మళ్లా చూస్తా అనింది.”

మద్దయ్య సీడీ బయటికి తీసి అతని చేతికిచ్చాడు. నెలరోజులు. ఒక్క పూట పని.

ఎలీషా సీడీ జేబులో పెట్టుకుని, సంచిలోంచి ఒక చిన్న గుడ్డ గలీబు తీశాడు. “పెండ్లైన కొత్తల్లో కుట్టింది, క్యాసెట్‌కు దుమ్ము పట్టకుండా. ఆ క్యాసెట్ ఇయ్యన్నా, పోతా.”

చెప్పాలి. ఇప్పుడే చెప్పేయాలి. మద్దయ్య నోరు తెరిచాడు. “జాగ్రత్తగా ఉంటాదని ఇంటికాడ పెట్టినానప్పా” అన్న మాట వచ్చింది దాంట్లోంచి.

“మంచి పని చేసినావ్. తొందరేం లేదులే. దీంట్లో పెట్టి ఉంచు, ఆదివారం ఆరాధన అయినాక వస్తా.” ఎలీషా గలీబు బల్ల మీద పెట్టి, అతని వాలిన భుజం మీద చెయ్యి వేసి, ఆళ్లగడ్డ బస్సు వేళయిందని మెట్లు దిగిపోయాడు.

మద్దయ్య లేచి గడప దాకా వెళ్లాడు. పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడు ఆ మనిషి. పిలవలేదు. ఎందుకు పిలవలేదా అని బతికినన్నాళ్లూ తనను తాను తిట్టుకున్నాడు.

వెనక్కి వచ్చి చూస్తే గలీబు బల్ల మీదే ఉంది. పెళ్లి జాకెట్టులో మిగిలిన తెల్ల సాటిన్ గుడ్డ, అంచు చుట్టూ నీలం దారంతో చిన్న చిన్న కుట్లు, ఒక్క క్యాసెట్ పట్టేంత కొలత, పైన విప్పి ఉన్న ప్రెస్ బటన్.